ఔలిస్ చారలు

ఇల్మా మొగుడు ఔలిస్ తుర్కు ఊరి బడిలో లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లు, ప్రతి సాయంత్రం, గళ్ల పుస్తకంలో మూడంటే మూడే అక్షరాలు మార్చి మార్చి రాసుకుంటూ కూర్చున్నాడు. నియమం ఒక్కటే: చిన్నదైనా పెద్దదైనా, ఏ అక్షరాల ముక్కా వెంటవెంటనే రెండుసార్లు రాకూడదు. అలా ఎప్పటికీ ఆగకుండా రాస్తూ పోవచ్చట! పెళ్లాంతో రెండు మాటలాడటానికి మాత్రం తీరిక లేదు మహానుభావుడికి.

అతను పోయి ఏడాదైంది. ఇప్పుడు ఇల్మా ఒక్క కప్పు కాఫీయే కాచుకుంటోంది. ఆ మనిషి తననెప్పుడైనా పట్టించుకున్నాడా అన్న ప్రశ్న ఒక్కటే ఆమెను తొలిచేస్తోంది. అడుగుదామంటే మనిషి లేడు, పుస్తకాలున్నాయి. చివరికి అతని నీలం, తెలుపు, బూడిద రంగు చొక్కాలు పేలికలుగా చింపింది. ఊరి నేతగదిలో ఓ మగ్గం అడిగి తీసుకుంది. అక్షరానికో రంగు చొప్పున, చేతికందిన ఒక పుస్తకంలోని వరసనే తివాచీగా నేయసాగింది.

"ఏమే, మూడు రంగులకి పుస్తకం కూడానా? నేనైతే కళ్లు మూసుకుని నేసేస్తా," అంది పక్క మగ్గం సిస్కో.

"నీ తివాచీ చూస్తే తెలుస్తూనే ఉందిలే."

నేసిందల్లా కింది కర్రకు చుట్టుకుపోతుంది. కళ్ల ముందుండేది జానెడే. మే నెలలో మగ్గం మీంచి కోసి, నేల మీద పరిచాక గానీ మొత్తం కనిపించలేదు.

"ఆగాగు! ఈ పద్నాలుగు చారలూ, వాటి వెనక పద్నాలుగూ ఒకటే కదే!" అంది సిస్కో.

ఇల్మా గబుక్కున వంగి చారలు లెక్కపెట్టింది. పోయాక కూడా ఆయన పని పాడుచేశానా అనుకుంటూ పుస్తకం తెరిచి, వేలు పెట్టి సరిచూసుకుంది. తప్పు ఆమెది కాదు. ఒక పేజీ చివరి పద్నాలుగు అక్షరాల వరసనే, పేజీ తిప్పి మళ్లీ రాశాడు ఔలిస్. ఎప్పుడూ తప్పని మనిషి, తప్పు చూసుకోనూ లేదు; కొట్టివేత కూడా లేదు. పైన తేదీ ఉంది: 1971 నవంబరు 9.

ఆమెకు కడుపు కోసి ఆపరేషన్ చేసిన రోజది. ఆసుపత్రి గుమ్మం దాకా దింపి, "సరే మరి" అని వెళ్లిపోయాడు. నేను చావుబతుకుల్లో ఉంటే ఇంటికెళ్లి లెక్కలు వేసుకున్నాడని పదిహేనేళ్లుగా ఆమె కడుపు రగిలిపోతూనే ఉంది.

"విప్పి మళ్లీ నేద్దామా?" అంది సిస్కో మెల్లగా.

"ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తా!"

ఇల్మా ఆ చారల మీదే చతికిలబడి, భోరుమని ఏడ్చింది.

"ఆ రోజే ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది, మొద్దు మనిషీ!"