లోవలక్ష్మి ఎడమ కాలు

మా పెద్ద తోటికోడలు లోవలక్ష్మికి రెండు విషయాల్లో గర్వం. ఒకటి, తను తీసిన రేకు. రెండు, తనకు ఏ రోగమూ రాదన్న ధీమా. మొదటిదానికి నేనూ చేతులెత్తి దణ్ణం పెడతాను. రెండోదాన్ని పట్టుకునే మమ్మల్నందరినీ హడలగొట్టింది.

వాళ్ళమ్మ తుని దగ్గర లోవ తల్లికి మొక్కుకుంటే పుట్టిందట, అందుకే ఆ పేరు. ఆత్రేయపురం కోడలిగా వచ్చి, అత్తగారి దగ్గర రేకు తీయడం నేర్చుకుంది. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టాలి. జయ బియ్యం రుబ్బి పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగాలి. పొర అంటుకున్నదే తడవు ఊడదీయాలి. ఆలస్యం చేస్తే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఆ పొరే రేకు. దానికి నెయ్యీ పంచదారా వేసి చుడితే పూతరేకు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో లోవక్క నాకూ నేర్పాలని చూసింది. "చిరిగితే ఏడవకే ఉషా, తినేత్తే సరి" అనేది. నేను తిన్నన్ని చిరుగు రేకులు ఊళ్ళో ఇంకెవరూ తిని ఉండరు. చివరికి ఆవిడే విసుగెత్తి నన్ను కుండ ముందు నుంచి లేపి, చుట్టే పనిలో కూర్చోబెట్టింది. అప్పటినుంచీ తీసేది ఆవిడ, చుట్టేది నేను.

కుండ ముందు ఆవిడ కూర్చునే తీరు చెప్పాలి. కుడి చేయి గుడ్డ లాగుతుంది, ఎడమ చేయి పొయ్యిలోకి ఆకు తోస్తుంది. కుడి కాలు వెనక్కి మడిచి, ఎడమ కాలు పొయ్యి మూతి పక్కన చాపుకుంటుంది. అత్తగారు అలాగే కూర్చునేది, వాళ్ళత్తగారూ అలాగే కూర్చునేదట. మా వీధిలో రేకు తీసే ఆడవాళ్ళందరూ అంతే.

పోయిన వానాకాలం ఒకరోజు వీధిలో నీళ్ళు నిలిచాయి. లోవక్క చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దాటుతోంది. ఎదురింటి రత్నమాణిక్యం అరుగు మీద నుంచి చూసింది. "కాలికి అదేంటే లోవలక్ష్మీ?" అని అడిగింది. "ఏం లేదు, కమిలింది" అని లోవక్క గబుక్కున చీర వదిలేసింది, తడిస్తే తడిసిందని. అంతే. రత్నమాణిక్యం నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దుగుంకేసరికి వీధి వీధంతా లోవలక్ష్మికి పెద్దరోగమని గుసగుస. పెద్దరోగమంటే కుష్టు. ఆ మాట పైకి అనడానికి కూడా మావాళ్ళకి భయం.

మర్నాడు మేం సరుకిచ్చే మిఠాయి కొట్టు పెద్దిరాజుగారి దగ్గర నుంచి కబురొచ్చింది. "లోవలక్ష్మిని కొన్నాళ్ళు రెస్టు తీసుకోమనమ్మా. చేత్తో చేసే సరుకు కదా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అని. ముందు దసరా, ఆ వెనకే దీపావళి. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా లోవక్క ఇంటికెళ్ళి, మాటా మంచీ లేకుండా ఆవిడ చీర అంచు పట్టుకుని లాగాను.

చూసి నేనూ హడలిపోయాను. మోకాలి కింద నుంచి మడమ దాకా, గోధుమ రంగులో చేపల వల పరిచినట్టు చారలు. ముందు ఎముక దగ్గర ఒక చిన్న పుండు, పచ్చిగా ఉంది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"ఏమో. వల యేళ్ళ బట్టి ఉంది. పుండు మాత్రం మొన్న ఎండాకాలంలో లేచింది. వేపాకు పూశాను, పసుపు పెట్టాను, మానట్లేదు. కాలు పీకుతుంటే ఉప్పు మూట కాపడం పెడతన్నాను. అది పెడితే హాయిగా ఉంటంది."

"మరి డాక్టరికి చూపించుకోవచ్చు కదా?"

లోవక్క నా వంక చూడలేదు. "చూపిత్తే డాక్టరు అదే అన్నాడనుకో, అప్పుడేం చెయ్యాలే? ఇప్పుడైతే ఉత్త అనుమానమే కదా."

"అనుమానం ఉన్న చెయ్యి తీసిన రేకు ఎవడు కొంటాడక్కా?" అన్నాను. ఆ మాట గట్టిగానే తగిలింది. పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాం. బావగారు సత్తియ్య బస్టాండు దాకా వచ్చి, కండువాతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డారు.

బస్సు బ్యారేజీ మీద పోతుంటే అందరూ గోదారిని చూస్తున్నారు, గేట్లన్నీ ఎత్తేసి ఎర్రనీళ్ళు ఉరుకుతున్నాయి. లోవక్క ఒళ్ళో చేతులే చూసుకుంటోంది. "పిల్లలు ఎదిగొచ్చారు, తిండికి లోటు లేదు. అది కాదు నా బెంగ. ఆ కుండ ముందు కూర్చోపోతే నేనెవర్నే ఉషా?" అంది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

చర్మం డాక్టరు సత్యశ్రీగారు చిన్న వయసావిడ. భూతద్దం పెట్టి కాలంతా చూశారు. లోవక్కని కళ్ళు మూసుకోమని, దూదితో అక్కడక్కడా తాకి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. "తగిలిందండి. ఆయ్, ఇక్కడా తగిలిందండి." ఒకసారి తాకకముందే తగిలిందనేసింది. డాక్టరుగారికి నవ్వొచ్చింది. "కంగారు పడకండమ్మా. స్పర్శ బాగానే ఉంది. మీరు భయపడే జబ్బు కాదిది. ఒకవేళ అదే అయినా, మందులు వాడితే పూర్తిగా తగ్గిపోయేదే" అన్నారు.

ఆ తర్వాత అడిగారు, "ఏం పని చేస్తారు?"

"పూతరేకులండి."

"అంటే కుండ ముందు కూర్చుంటారా? ఎలా కూర్చుంటారో ఒకసారి చూపించండి."

లోవక్క కుర్చీ దిగి గచ్చు మీద కూర్చుంది. అక్కడున్న స్టూలు కుండ అనుకుంది. చేతిరుమాలు గుడ్డ అనుకుంది. కుడి కాలు మడిచింది, ఎడమ కాలు చాపింది. ఒక్క లాగు లాగింది. ఆసుపత్రి అన్న సంగతే మరిచిపోయింది మనిషి. డాక్టరుగారు కూడా దిగి ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నారు.

"మంట ఎక్కడ ఉంటుంది?"

"ఇదిగోనండి, ఇక్కడ."

డాక్టరుగారు మంట ఉండే చోట చెయ్యి పెట్టారు. ఆ చేతికీ లోవక్క పిక్కకీ మధ్య జానెడు కూడా లేదు. "ఇదేనమ్మా మీ జబ్బు. ఏళ్ళ తరబడి సెగ తగిలి తగిలి, చర్మంలో రక్తనాళాల దారి వెంట రంగు దిగింది. అందుకే వలలాగా ఉంది. కుడి కాలు వెనక మడుచుకున్నారు కాబట్టి దానికి ఏమీ లేదు. దీనికి ఏమైనా వైద్యం చేశారా?"

లోవక్క ఉప్పు మూట కాపడం సంగతి చెప్పింది. డాక్టరుగారు నోరు తెరిచారు. "పగలంతా సెగ పెట్టి, ఇంటికెళ్ళి దాని మీదే మళ్ళీ సెగ పెడుతున్నారా?"

"హాయిగా ఉంటదండి" అంది లోవక్క నీరసంగా. నాకు నవ్వాగలేదు. ఒళ్ళు కాలినవాళ్ళు నిప్పుతో చల్లార్చుకున్నట్టుంది మా వైద్యం.

పుండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం డాక్టరుగారు నవ్వలేదు. ఇలా సెగ తగిలిన చోట మానని పుండుంటే తేలిగ్గా తీసుకోకూడదని, ఎప్పుడో ఒకరికి అది చెడుగా మారుతుందని, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలని చెప్పారు. క్యాన్సరన్న మాట ఆవిడ అన్నారు, మేం వినడానికే భయపడ్డాం. మత్తిచ్చి ముక్క తీశారు.

ఫలితం వచ్చేదాకా కాపడం లేదు, మంట ముందు కూర్చోవడం లేదు. ఆవిడ మంచం పట్టేస్తుందనుకున్నాను. మూడో పూటకల్లా పాకలోంచి దబదబా చప్పుడు. వెళ్ళి చూస్తే లోవక్క పాత పొయ్యి పగలగొట్టేసింది. మట్టి తొక్కించి ఇటుకలు పేరుస్తోంది. పొయ్యి మూతి పక్కనే, తన కాలుండే చోటికి అడ్డంగా మోకాలెత్తు గోడ. పీట ఇవతలికి జరిపింది. ఆకు తోయడానికి పొడుగాటి కర్ర కోసుకుంది.

"ఇంకా ఏ సంగతీ తేలకుండానే పొయ్యి కడుతున్నావేంటక్కా?"

"మంచి కబురొత్తే నేను కూర్చుంటాను. రాకపోతే నువ్వు కూర్చుందువు గాని. ఎవరు కూర్చున్నా కాలు కాలకూడదు" అంది, మట్టి చేతులు తుడుచుకోకుండానే. అప్పుడు ఏడ్చింది నేనే. ఆవిడ తిట్టింది, మట్టి పల్చబడుతుందని.

మళ్ళీ రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోనివ్వకుండానే చెప్పేశారు. "పరీక్షలో చెడు ఏమీ లేదమ్మా. ఆ పుండు మీ ఉప్పు మూట కాల్చిన పుండే. ఈపాటికి మానుతోంది చూశారా."

లోవక్క అడిగింది ఒక్కటే. "అయితే కుండ ముందు కూర్చోవచ్చాండి?"

నేను ఫోనులో గోడ ఫొటో చూపించాను. డాక్టరుగారు దాన్ని పెద్దది చేసి మరీ చూశారు. "ఇలా అయితే కూర్చోండి. వల మెల్లిగా పల్చబడుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. మళ్ళీ పుండు లేచినా, గడ్డలాగా తగిలినా వెంటనే రండి." లోవక్క అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళ భయమంతా ఒక్కసారే బయటికొచ్చేసింది.

ఊళ్ళో బస్సు దిగి ఇంటికి పోదామంటే వినదే. తిన్నగా పెద్దిరాజుగారి కొట్టుకి నడిచింది. కార్లు ఆపుకుని కొనేవాళ్ళతో కొట్టు కిటకిటలాడుతోంది. లోవక్క మెట్టు మీద ఎడమ కాలు పెట్టి, చీర పిక్క దాకా ఎత్తింది.

"చూడండి రాజుగారూ. ఇది పొయ్యి సెగండి. అంటుకునే జబ్బు కాదు. రాజమండ్రిలో పరీక్ష చేయించుకుని వత్తన్నాను."

రాజుగారి మొహం ఎర్రబడింది. "అయ్యో, నేనేమన్నానమ్మా?"

"ఏమీ అనలేదండి. ఆర్డరే ఇవ్వలేదు."

కొనడానికి వచ్చిన ఒకావిడ ఫక్కున నవ్వింది. రాజుగారు తలదించుకుని, "రేపట్నుంచి ఎప్పట్లాగే తీసెయ్యమ్మా. దీపావళి సరుకు కూడా నీదే. తప్పు నాదే" అన్నారు. నా గుండె ఉప్పొంగిపోయింది. లోవక్క చీర దించలేదు. వీధి మొగ దాకా కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, అలాగే నడిచింది.

పొద్దున్నే కొత్త పొయ్యి వెలిగించింది. గోడ చూడటానికి రేకు తీసే ఆడవాళ్ళంతా పాకలోకి వచ్చారు. రత్నమాణిక్యం మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది. లోవక్క తొలి రేకు ఊడదీసి వెలుతురుకి పట్టింది, చిన్న చిరుగైనా లేదు. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది. ఎడమ కాలికే వచ్చేది. పొయ్యి మూతి వైపు. వలలాగా.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరి చెయ్యీ చీర అంచు మీదికి పోయింది. అందరూ కిందికి లాక్కున్నారు.

రత్నమాణిక్యం నెమ్మదిగా లోపలికి వచ్చి లోవక్క పీట పక్కన కూలబడింది. చీర ఎత్తింది. లోవక్క కాలి మీదకన్నా చిక్కటి వల. ఆ వానరోజు అంత దూరం నుంచి ఒక్క చూపులో ఎలా పోల్చుకుందో అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ తన భయాన్ని మా అక్క మీదికి తోసేసి, తను చీర దించుకుని తిరిగింది. నా నాలుక చివర దాకా తిట్లొచ్చాయి. లోవక్క కంటితోనే ఆపమంది.

"పుండుందా?" అని అడిగింది.

"లేదు."

"కాపడం పెడతన్నావా?"

రత్నమాణిక్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రోజూనే."

"మానెయ్యి. రేపు నీ కాలు డాక్టరుగారికి చూపిద్దాం, నేనూ వత్తాను. ముందు పోయి మట్టి నానబెట్టు. మధ్యాన్నం నీ పొయ్యికి గోడ కడదాం" అని, లోవక్క గుడ్డ పిండిలో ముంచింది.

ఆ వారమంతా మా వీధిలో వెతికినా ఒక్క ఇటుక ముక్క దొరకలేదు.