బుడ్డోడితో నంద్యాల దాకా

శ్రీశైలానికో మహానందికో పోయొచ్చినవాళ్లు యాత్ర రాసుకుంటే అందంగా ఉంటుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, అదీ కుక్కను తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి రావడాన్ని యాత్ర అంటే నవ్వుతారని తెలుసు. అయినా రాస్తున్నాను. ఈ మధ్య మా వైపు కూడా కార్గీ జాతి కుక్కలను కొంటున్నారు. పొట్టి కాళ్లతో పరిగెత్తే వీడియోలు ఫోన్లో చూసి ముచ్చటపడేవాళ్లు ఇది కూడా చదివితే మంచిది.

మా కార్గీ పేరు బుడ్డోడు. బెంగళూరులో నా చెల్లెలు అద్దె ఇల్లు మారుతూ, దాన్ని ఉంచుకోలేక మాకు ఇచ్చింది. మా ఆయన ప్రసాద్ బండలాగుడు పోటీలకు ఎద్దులను మేపే మనిషి. దాన్ని చూసిన రోజే "దీనికి కాళ్లు పెట్టేది మర్సిపోయినారే" అన్నాడు. వారం తిరక్కుండానే అది ఎద్దుల వెనక చేరి, మడమలు అందుకుంటూ, వాటిని కొట్టంలోకి తోలింది. కార్గీలు పశువులను తోలడానికే పుట్టిన జాతి అని చెల్లెలు ముందే చెప్పింది గానీ, ఆయన నమ్మింది కళ్లతో చూశాకే. ఆ రోజు నుంచి అది ఆయన కుక్క. ఎద్దులకు ఉడికించిన ఉలవల్లో దానికో ముద్ద, వాటికి పట్టే గుడ్లలో దానికొకటి. చూస్తుండగానే పీపాలాగా తయారైంది. దాని నడుము పొడుగు, కాళ్లు పొట్టి, బరువంతా వెన్ను మీద పడుతుంది, లావెక్కనీయొద్దు, ఎత్తు మీంచి దూకనీయొద్దు అని చెల్లెలు ఫోన్లో మొత్తుకునేది. ఆయన వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోయిన బుధవారం అది ట్రాక్టరు ట్రాలీ మీంచి దూకింది. మర్నాటికి వెనక కాళ్లు ఈడ్చుకుంటోంది. డాక్టరుకు చూపిద్దామంటే "ఎద్దుల్నే లేపినోణ్ణి, ఇదెంత" అన్నాడు. ఎద్దుకు నడుము పట్టేస్తే ఆయన చేసే వైద్యం ఒకటే. వేడి ఇటుకతో కాపడం పెట్టి, నూనె రుద్ది, మెల్లగా నడిపించడం. పడుకోబెడితే ఎద్దు ఇక లేవదని ఆయన భయం. బుడ్డోడికీ అదే చేశాడు. పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగం ఎత్తిపట్టుకుని, పొద్దునా సాయంత్రం కాలువ గట్టు మీద నడిపించాడు. ఆయన సంతోషం కోసం అది కూడా ముందు కాళ్లతో లాక్కుంటూ పోయేది. ఆదివారానికి వెనక కాళ్లు పూర్తిగా చచ్చుబడిపోయాయి. మూత్రం దానికి తెలియకుండానే కారుతోంది. చర్చి సంఘంలో కుక్క కోసం ప్రార్థన చేయమని అడగడానికి నాకు సిగ్గేసి, మనసులోనే చేసుకున్నాను. సోమవారం నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాను.

ఆరున్నర బస్సుకు బయలుదేరాం. టమాటా ట్రేలో పాత దుప్పటి పరిచి, దాన్ని పడుకోబెట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకున్నాం. కండక్టరు అడ్డం పెట్టాడు. "కుక్కలు ఎక్కించేదానికి ల్యా అన్నా."

"కాళ్లు పడిపోయినాయప్పా. కరిసేది కాదు, లేసేది కాదు" అన్నాడు మా ఆయన. కండక్టరు ట్రేలోకి వంగి చూసి, వెనక సీటు చూపించాడు. నాకు ఆడవాళ్ల ఉచిత టికెట్టు, ఆయనకు మామూలు టికెట్టు. కుక్కకు ఏమీ కొట్టలేదు.

శిరివెళ్ల దగ్గర ఒక పెద్దామె పూలగంప ఎత్తుకుని ఎక్కింది. బుడ్డోడి నిక్కిన చెవులు చూసి "ఏందమ్మా, నక్కను పట్టుకొని పోతాండారు?" అంది. నక్క కాదు, కుక్కే అన్నాను. ఆమె నమ్మలేదు గానీ, గంపలోంచి ఒక కనకాంబరం మాల తుంచి నా చేతిలో పెట్టి "బాగైతాదిలే, దిగులు పడొద్దు" అంది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగాను. బయట శనగ చేలు పోతూనే ఉన్నాయి.

ఎనిమిది లోపే నంద్యాల బస్టాండులో దిగాం. క్లినిక్ తొమ్మిదిన్నరకు గానీ తెరవరు. ఎదురుగా హోటల్లో ఉగ్గాని, బజ్జీ చెప్పాం. మా ఆయన బజ్జీ పైతొక్క తీసి బుడ్డోడి నోటి దగ్గర పెట్టాడు. అది వాసన చూసి ముఖం తిప్పుకుంది. తిండి దగ్గర అది ముఖం తిప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నా ప్లేటు కూడా అట్లాగే వదిలేశాను.

డాక్టరు చిన్న వయసువాడే, నిదానస్థుడు. ఎప్పటి నుంచి, ఏం చేశారు అని అడిగాడు. మా ఆయన అన్నీ వివరంగా చెప్పాడు. కాపడం ఎంత వేడి మీద పెట్టిందీ, ఏ నూనె రుద్దిందీ, గట్టు మీద ఎంత దూరం నడిపించిందీ. ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. డాక్టరు అంతా విన్నాక ఒక పటకారు తీసి బుడ్డోడి వెనక కాలి వేలు గట్టిగా నొక్కాడు. రెండో కాలూ నొక్కాడు. అది మా ఆయన ముఖమే చూస్తూ నాలుక బయట పెట్టి ఒగరుస్తోంది. వెనక్కి తిరగను కూడా లేదు.

"నొప్పి కూడా తెలియడం ల్యా అన్నా" అన్నాడు డాక్టరు. "వెన్నుపూసల మధ్యలో ఉండే మెత్తటిది బయటికి పొంగి నరాన్ని నొక్కేసినాది. ఇట్లాంటప్పుడు బోనులో పెట్టి కదలకుండా పండబెట్టల్ల. నడిపించకూడదు. అడుగేసినప్పుడల్లా ఇంకా నొక్కింటాది."

"ఆపరేషను?" అన్నాను.

"హైదరాబాదులో చేస్తారమ్మా. మొదటి రోజే ఐతే పొమ్మనేవాణ్ణి. ఇప్పుడు చేసినా లేస్తాదని నేను చెప్పలేను."

ఇంకో దారి కూడా ఉందని, ఇంజెక్షనుతో నిద్రపుచ్చవచ్చని మెల్లగా చెప్పాడు. మా ఆయన "ఆ మాట ఒద్దు సార్" అన్నాడు. ఐతే బతికినన్నాళ్లూ మూత్రం మీరే ఒత్తి తీయాల్సి ఉంటుందని, ఎట్లా తీయాలో చూపించాడు. కడుపు కింద రెండు వైపులా వేళ్లు పెట్టి, గట్టిగా కాకుండా, ఆపకుండా నొక్కాలి. ముందు మా ఆయన ప్రయత్నించాడు. బెదిరిన ఎద్దుల ముక్కుతాడు పట్టి నిలబెట్టే ఆ చేతులకు ఎంత ఒత్తాలో అందలేదు. తర్వాత నేను నేర్చుకున్నాను. పుండ్లు పడకుండా పూటకోసారి రెండో పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాడు. ఎత్తేటప్పుడు రొమ్ము కింద ఒక చేయి, పిరుదుల కింద ఒక చేయి పెట్టి, వీపు వంగకుండా ఎత్తమన్నాడు. కార్గీని కొనేవాళ్లు ఈ ఎత్తడం మొదటి రోజే నేర్చుకోండి. మేము చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

మధ్యాహ్నం భోజనం మాట ఇద్దరం ఎత్తలేదు. మూడు గంటల బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ట్రే మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాం. ఆయన చేయి బుడ్డోడి వీపు మీదే ఉంది. పొద్దున పోయేటప్పుడు ఇదే దారిలో నాకు కొంచెం ఆశ ఉండింది. ఇప్పుడు ఊరికి దగ్గరయ్యేకొద్దీ కొట్టం కనిపిస్తోంది, ఎద్దులు కనిపిస్తున్నాయి, వాటి వెనక పరిగెత్తలేక ఇది అరిచే అరుపు ముందే వినిపిస్తోంది. పెంచుకుంటాం, చూసుకుంటాం. బాగుపడుతుందని మాత్రం నేను అనుకోవడం లేదు. దగ్గర పెట్టుకుని ప్రేమగా చూస్తే చాలు, ఏ జీవమైనా నిలుస్తుందని నమ్మినదాన్ని. ఈ ఒక్క రోజు ప్రయాణంలో ఆ నమ్మకం పోయింది.

శిరివెళ్ల దాటాక మా ఆయన అడిగాడు.

"నేను నడిపించకపోయింటే లేసేదా?"

క్లినిక్ మెట్లు దిగినప్పటి నుంచి ఈ ప్రశ్నకే భయపడుతున్నాను. డాక్టరు చెప్పింది ఇద్దరం విన్నాం.

"ఏమో" అన్నాను.

ఆయన దాని వీపు మీంచి చేయి తీసేసి, తన తొడ కింద పెట్టుకున్నాడు. బుడ్డోడు మెడ చాచి ఆ చేతి కోసం వెతికింది. ముందు కాళ్లతో ట్రే అంచు గీరింది, మూతితో ఆయన మోచేతిని పొడిచింది. ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు దాన్ని నేనే ఎత్తుకోవాల్సి వచ్చింది.