పూలకుండీలో మొదటి గుక్క

నిజం చెప్పాలంటే ఇది రాయకుండా ఊరుకుందామనుకున్నాను. ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్‌లో మా పక్కింటి మాస్టారు పోయి మూడు వారాలైంది. ఆయనది ఆఫ్రికాలోని ఘనా. ఆయన గురించి తెలుగులో రాస్తే ఎవరు చదువుతారులే అని బద్ధకించాను. "ఏవండీ, రోజూ నా బుర్ర తినే బదులు ఆ కాగితానికి చెప్పుకోండి," అంది మా ఆవిడ.

కాలేజీ గుమ్మం తొక్కని నాకు నవల చదవడం నేర్పింది ఆయనే. ప్రతి గురువారం సాయంత్రం వాళ్లింట్లో ముగ్గురం కూర్చునేవాళ్లం: మాస్టారు, ఇరవై ఆరేళ్లుగా ఆయనతో కాపురమున్న ఇంగ్లీషాయన, నేను. మొదట్లో ఆ ఇంగ్లీషాయన అద్దెకున్నారనుకున్నాను. సంగతి తెలిశాక ఒక గురువారం ఎగ్గొట్టాను కూడా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

టీ తాగేముందు మాస్టారు మొదటి గుక్క గుమ్మం పక్క పూలకుండీలో పోసి, పోయినవాళ్లను తన భాషలో పేరుపేరునా పిలిచేవారు. "వాళ్లెక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నారు. పుట్టబోయేవాళ్లూ ఉన్నారు. కాస్త జరిగి కూర్చోండి," అనేవారు నాతో.

ఇప్పటి నవలలంటే ఆయనకు అందుకే ఇష్టం. ఒకదాంట్లో చనిపోయినతను తాను ప్రేమించిన మగవాడి ఇంటికి రోజూ భోజనానికొస్తాడు, ఎవరూ ఆశ్చర్యపోరు. ఏది ముందో ఏది వెనకో తెలియక నేను విసుక్కుంటే నవ్వారు. "మీ కాలం మోటర్‌వే, తిన్నగా పోయే పెద్ద రోడ్డు. పెళ్లి, పిల్లలు, మనవలు, వరసగా బోర్డులుంటాయి. మా ఇద్దరికీ ఎవరూ బోర్డులు పెట్టలేదు. మాది ఈ ఊరి రౌండబౌట్, గుండ్రటి కూడలి. ఎన్నిసార్లయినా తిరగొచ్చు." (మా బావమరిది ఈ ఊరి రౌండబౌట్లలో ముప్పావుగంట తిరిగాడు. అది వేరే కథ.) ఇంగ్లీషాయన రిజిస్టర్ పెళ్లి మాటెత్తినా, "తొందరేముంది?" అనేవారు.

తొందర ఉందని పోయాక తెలిసింది. మాస్టారి మేనకోడలు వచ్చి ఆయన దేహాన్ని ఘనా తీసుకెళ్లింది. తర్వాత, వాళ్ల ఆచారం ప్రకారం బంధువుల పేర్లన్నీ వేసిన అంత్యక్రియల పోస్టరు పంపింది. అక్కలు, మేనల్లుళ్లు, అక్కల మనవలు. కళ్లద్దాలు పెట్టుకుని కింది నుంచి పైకి కూడా వెతికాను. ఇంగ్లీషాయన పేరు లేదు. మేనకోడలికి ఫోన్ చేశాను.

"పోస్టర్ మీద కుటుంబం పేర్లే వేస్తాం అంకుల్. ఆయన స్నేహితుడు కదా," అంది, మర్యాదగానే.

"ఆరోగ్యం జాగ్రత్తమ్మా," అని పెట్టేశాను. అంతటి మొనగాణ్ని.

మొన్న గురువారం వెళ్లాను. ఇంగ్లీషాయన మూడు కప్పులు పెట్టారు. కుండీ దగ్గర ఆగి, "ఆ మాటలు మీకేమైనా గుర్తున్నాయా?" అని అడిగారు. ఇన్నేళ్లు విన్నాను, ఒక్క ముక్క రాదు. నాకొచ్చినవి మా నాన్న తద్దినం మంత్రాలు, అవీ సగమే.

"పేరు పిలవండి, చాలు," అన్నాను.

పిలిచారు. మొదటి గుక్క కుండీ బయట పడింది. లోపలికెళ్లి గుడ్డ తెచ్చి గుమ్మం తుడిచారు.