గేటు వేయడమూ, వేయాలనుకోవడమూ

హిల్డా బ్రాకెన్‌బరీ పదమూడేళ్లకే బడి మానేసింది. నేను పదిహేడేళ్లదాకా చదివి, రైల్వే ఆఫీసులో వాంగ్మూలాలు రాసే గుమాస్తానయ్యాను. ఇంగ్లీషు వ్యాకరణమంటే నాకు పిచ్చి. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

హిల్డా మా లింకన్‌షైర్ పల్లపు పొలాల మధ్య రైలు గేటు కాసేది. భర్త పోయాక ఆ పని ఆమెకిచ్చారు. పనితోపాటు పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు. పని పోతే ఇల్లూ పోతుంది. పంతొమ్మిదేళ్లుగా రోజుకు ఇరవై రెండుసార్లు గేటు వేసి తీసేది. మధ్యలో కోళ్లు, ఉల్లి మడి, బండివాళ్లతో పరాచికాలు.

“నీ గుర్రానికున్న తొందర నీకు లేదేంటి వాల్టర్?” అని పాలబండి అతన్ని ఏడిపించేది.

1953 అక్టోబరులో, మంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం, ఆ వాల్టర్ బండినే రైలు గుద్దింది. గుర్రం చచ్చిపోయింది. వాల్టర్ కాలు విరిగింది. గేటు తీసే ఉందని అతనన్నాడు. మంచులో కనబడక మూసిన గేటునే గుద్దుకుని వచ్చాడేమోనని కొందరన్నారు. గేటు తునాతునకలైపోయింది గనక ఏదీ తేలలేదు.

విచారణకు ఇన్‌స్పెక్టరుతో నేనూ వెళ్లాను. ఆ కష్టంలోనూ హిల్డా మాకు ఎండుద్రాక్ష రొట్టె, టీ పెట్టింది.

“ఆ పొద్దున గేటు వేశారా?” అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“వేసింది గుర్తులేదండి.”

ఆమె ఇంగ్లీషులో అన్నది ‘రిమెంబర్ షట్టింగ్’ అని. నా చెవికది పొలంగట్టు మాటలా తోచింది. సర్కారు కాగితంలో క్రియ వెనక క్రియ వస్తే మధ్యన ‘టు’ ఉంటేనే మర్యాద అని నా నమ్మకం. ‘రిమెంబర్ టు షట్’ అని దిద్ది, సంతకం పెట్టమని ఆమె ముందుంచాను.

హిల్డా కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివి ఒకచోట ఆగింది.

“నాయనా పిండర్, ఈ ‘టు’ ఎక్కడిది?”

“వ్యాకరణం కోసం పెట్టానండి. అర్థం ఒకటేగా.”

“ఒకటెలా అవుద్ది? గేటు వేసింది గుర్తులేదని నేనన్నాను. వేయాలన్న సంగతే నాకు గుర్తు రాలేదని నువ్వు రాశావు. వేయలేదని నా చేతే ఒప్పిస్తున్నావు. రెండక్షరాలతో నా కొంప ముంచుతావా?”

చేతిలోని రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశాను.

“‘స్టాప్డ్ టు ఈట్’ అంటే రొట్టె తినడానికి ఆగాడని, ‘స్టాప్డ్ ఈటింగ్’ అంటే తినడం ఆపాడని. నువ్వు ఇప్పుడు ఆపావు,” అంది నా పళ్లెం చూస్తూ.

ఇన్నేళ్లుగా వాడుతున్న మాటే. ‘టు’ ఉంటే చేయాల్సిన పని, లేకపోతే చేసేసిన పని. ఇంత తేడా ఉందని ఒక్కసారైనా ఎందుకు చూడలేదో! సిగ్గుతోపాటు, నిజం చెప్పొద్దూ, ముచ్చట కూడా వేసింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం కరగలేదు. “గుర్తులేదంటే సరిపోతుందా?”

“పొద్దున మీ ఇంటికి తాళం వేశారా బాబూ?”

“వేశాను.”

“తాళంచెవి తిప్పింది గుర్తుందా?”

ఆయన జేబు తడుముకున్నాడు. “రోజూ వేసేదే కదా...” అన్నాడు. నేను కాగితం చించి, ఆమె అన్నది అన్నట్టే రాశాను. ప్రమాదానికి కారణం తేలలేదని తీర్పు వచ్చింది. హిల్డాకు ఇల్లు మిగిలింది.

ఆరేళ్ల తర్వాత అటు వెళ్లినప్పుడు, ఉండబట్టలేక అడిగాను. “ఇంతకీ ఆ రోజు గేటు వేశారా అండీ?”

“తెలిస్తే నాకు నిద్ర పట్టేది కదా నాయనా,” అంది.

అంతలో రైలు గంట మోగింది. హిల్డా లేచి వెళ్లి గేటు వేసింది. గడియ మీద చెయ్యి ఆనించి, ఎవరూ లేని రోడ్డు వైపు తిరిగి, “వేశాను” అని పైకే అంది. వాల్టర్ గుర్రం పోయాక కొత్త గేటు పెట్టిన నాటినుంచీ, రోజుకు ఇరవై రెండుసార్లూ అలాగే అంటోందట.