టెస్ట్ డ్రైవ్‌లో వచ్చిన రిపోర్టు

2025 వేసవిలో నేను రాజమహేంద్రవరంలో ఒక ఎలక్ట్రిక్ కార్ల షోరూములో సేల్స్ కన్సల్టెంటుని. పేరు పెద్దదే గానీ, పని బండి అంటగట్టడం. మాటల్లో బెల్లం కలపడం నా దగ్గరే నేర్చుకోవాలని మా మేనేజరు మెచ్చుకునేవాడు. నాకూ అది గొప్పగానే ఉండేది.

ఓ ఉదయం రాజోలు నుంచి ప్రసాదరావు మాస్టారు భార్యతో వచ్చారు. లూథరన్ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. మా కంపెనీ కారే, పాత మోడలు, ఐదేళ్ళుగా నడుపుతున్నారు. ఆయన భార్య సుగుణమ్మ గారికి వారానికి మూడుసార్లు మా ఊళ్ళో డయాలసిస్. కొత్తలో ఒక్క ఛార్జితో వచ్చి వెళ్ళేవారు. ఇప్పుడు తిరుగు ప్రయాణంలో రావులపాలెం దగ్గర గంటసేపు ఛార్జింగ్ పెట్టాల్సి వస్తోంది. అంతసేపూ ఆవిడ నీరసంగా, ఆ ఉక్కలో వెనక సీట్లో పడుకోవాలి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాత బండి ఎక్స్ఛేంజికి వస్తే, యజమానిని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళి, ఆ అరగంటలో దాన్ని వర్క్‌షాపులో పరీక్షిస్తాం. కొత్తలో పట్టిన ఛార్జిలో బ్యాటరీలో ఇప్పుడు ఎంత శాతం పడుతోందో కంప్యూటరు చెబుతుంది. దాన్ని స్టేట్ ఆఫ్ హెల్త్ అంటారు. అది ఒక హద్దు కంటే పడిపోతే, వారంటీ ఉన్నంతకాలం కంపెనీయే బ్యాటరీ ఉచితంగా మార్చాలి. ఆ రిపోర్టు కస్టమరుకి ఇవ్వకూడదన్న రూలేమీ లేదు. అడగనివాళ్ళకి ఇచ్చే అలవాటూ లేదు.

మాస్టారు కొత్త కారు స్టీరింగ్ పట్టుకున్నారు. నేను పక్కన, సుగుణమ్మ గారు వెనక. వంతెన మీద ఉండగా నా ఫోనుకి రిపోర్టు వచ్చింది. పాత బ్యాటరీ హద్దుకి దిగువన ఉంది, వారంటీ ఇంకా మూడేళ్ళు ఉంది. దాని కింద మేనేజరు రాసిన ముక్క, "ఆయనకి చెప్పకు."

కొవ్వూరు వైపు దిగాక మాస్టారు అడిగారు. "బాబూ, ఇది బానే ఉంది గానీ, పాతదాన్ని బాగుచేసే మార్గం ఏమైనా ఉందంటావా? ఉంటే అదే చాలు మాకు. ఇది కొనాలంటే మీ అమ్మగారి పేరున ఉన్న కొబ్బరితోట అమ్మాలి."

"పాత టెక్నాలజీ కదండీ మాస్టారూ. బ్యాటరీకి వయసైపోయింది. మనుషుల్లాగేనండి," అన్నాను. డయాలసిస్ మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ఆ మాట అన్నాను. సిగ్గు లేకపోతే సరి.

"అంతేలే బాబూ," అన్నారు సుగుణమ్మ గారు.

తోట అమ్మేశారు. డెలివరీ రోజు పాస్టరుగారిని తీసుకొచ్చి కారు ముందు ప్రార్థన చేయించారు. నా పేరు కూడా చెప్పి దీవించమన్నారు మాస్టారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

ఆర్నెల్లకి మాస్టారి ఫోను. "బాబూ, మీకిచ్చేసిన మా పాత కారు మీ దగ్గర కొన్న మండపేట ఆయన ఆసుపత్రి దగ్గర కనిపించాడు. కంపెనీవాళ్ళు బ్యాటరీ ఉచితంగా మార్చారంట. నీకు ఆ సంగతి తెలీదు కదా?"

"తెలీదండి," అన్నాను.

"నేనూ మీ అమ్మగారితో అదే అన్నాను. తెలిస్తే ఆ అబ్బాయి దాచడు అని."

తిట్టే కస్టమరుకి ఎలా జవాబివ్వాలో ట్రైనింగులో నేర్పారు. ఆ రోజు అదేమీ పనికిరాలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు రిపోర్టు చేతికిచ్చి, తర్వాతే కొత్త బండి తాళం ఇస్తున్నాను. మేనేజరు నిప్పులు చెరుగుతున్నాడు, చెరగనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఇది, పైగా కాలింది నా చేతులు కావు. దీన్ని నా నిజాయితీ అని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు మండుతుంది. మాస్టారికి ఫోను చేసి నిజం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.