విజయరత్నం గారికి వినేవాళ్ళు తగ్గిన చలికాలం

కెనడాలోని హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపినన్నాళ్ళూ విజయరత్నం గారికి మాట్లాడే తోడు లేదు. ఎత్తున క్యాబిన్లో ఒక్కరే ఉండేవారు. రిటైరయ్యాక, ఊళ్ళోని తెలుగు పెద్దవాళ్ళు కొందరు కలిసి చలికాలంలో వ్యాన్ మాట్లాడుకుని పాత కోటలు, మ్యూజియంలు చూడడం మొదలుపెట్టారు. అప్పుడు ఆయనకు నోరొచ్చినట్టయింది. వారం ముందే లైబ్రరీకి వెళ్ళి చదువుకునేవారు. ఏ గోడ ఎప్పుడు కట్టారో, ఏ యుద్ధంలో ఎవరు గెలిచారో చెబుతుంటే అందరూ చుట్టూ చేరేవారు. ఆయన భార్య కృపాబాయి వెనకాల నిలబడి పులిహోర డబ్బాలు విప్పేది.

ఈ శీతాకాలం ఆమె కమ్యూనిటీ సెంటర్లో బొమ్మలు వేయడం నేర్చుకుంది.

డండర్న్ కాజిల్‌కు వెళ్ళిన రోజున విజయరత్నం గారు నేలమాళిగలోని పాత వంటింటి గురించి చెబుతున్నారు. సగంలో చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. అందరూ పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చున్న కృపాబాయి చుట్టూ ఉన్నారు.

"చూడండి, ఆ రాగి గిన్నెల్ని కాగితం మీద అచ్చం దించేసింది!" అంది సూర్యకుమారి. కృపాబాయితో పాటు ఆసుపత్రిలో పనిచేసిన నర్సు ఆవిడ.

"మా మనవరాలి బొమ్మ వేసిపెట్టాలి మేడమ్," అన్నాడు భరద్వాజ్, వ్యాన్ బుక్ చేసేది ఆయనే.

విజయరత్నం గారు కూడా నవ్వారు. దవడలు నొప్పెట్టాయి. ఆ వారమంతా ఇంట్లో ఫోన్ మోగితే ఆమె కోసమే. ఆమె లేనప్పుడు ఆ బొమ్మ తీసి తప్పులు వెతికారు. ఒక గిన్నె పిడి కాస్త వంకరగా కనబడితే ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి ప్రయాణం నయాగరా-ఆన్-ది-లేక్‌లోని పాత కోటకి. బయల్దేరే ముందు ఆయన ఆమె సంచిలోంచి పెన్సిళ్ళ పౌచ్ తీసి స్నో బూట్ల వెనక్కి తోసేశారు.

కోట దగ్గర ఆమె సంచి రెండుసార్లు వెతుక్కుంది. "తెచ్చుకున్నాననే అనుకున్నా," అని చిన్నబోయి ఒక బల్ల మీద కూర్చుండిపోయింది. ఆమె బొమ్మ వేసేది లేకపోవడంతో అందరూ మళ్ళీ విజయరత్నం గారి చుట్టూ చేరారు. ఆయన సైనికుల గురించి, మంచులో కాపలా గురించి చెప్పారు. చెబుతున్నంతసేపూ కళ్ళు ఆ బల్ల వైపే వెళ్ళాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె కూడా శ్రద్ధగా వింటోంది. ఆయన మాట తడబడింది. తేదీ తప్పు చెప్పారు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అన్నారు, "పౌచ్ నేనే తీసేశాను, కృపా."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "ఎందుకండీ?"

"అందరూ నీ దగ్గరికే పోతున్నారు. తట్టుకోలేకపోయా."

ఆమె గోడ వైపు తిరిగి కోటు తగిలించింది. ఇటు తిరిగేసరికి ముఖం ఎర్రగా ఉంది.

"ఇన్నేళ్ళూ మీరు మాట్లాడుతుంటే, నన్ను ఎవరైనా ఒక్క మాట అడిగారా? నాకు కుళ్ళు లేదనుకున్నారా? ఒళ్ళు మండేది. అయినా మీ పుస్తకాలు నేనెప్పుడూ దాచలేదు!"

రెండు రోజులు ఆమె మాట్లాడలేదు. మూడో రోజు టీ ఇస్తూ, "ఫిబ్రవరిలో ఒట్టావా వెళ్దామంటున్నారు. నేను వస్తున్నా, బొమ్మలూ వేస్తా. మీరొస్తారా, కుళ్ళుకుంటూ ఇంట్లో కూర్చుంటారా?" అని అడిగింది.

ఆయన వెళ్ళారు. గడ్డకట్టిన కాలువ మీద స్కేటింగ్ చేసేవాళ్ళను ఆమె గీస్తుంటే ఎప్పటిలాగే జనం మూగారు. ఆయన గుండెలో మళ్ళీ అదే ముల్లు. ఈసారి దగ్గరికెళ్ళి ఆమె చెవిలో, "ఇంకా మంటగానే ఉంది," అన్నారు.

ఆమె తల ఎత్తలేదు. "ఉండనీండి. కాస్త పక్కకి జరగండి, వెలుగుకి అడ్డొస్తున్నారు," అంది.