రెండు కడవల కత్తి

నేను ఈ జన్మలో తిన్న ప్రతి సంగటి ముద్ద మీద ఒట్టు, ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. ఒట్టు ఎందుకంటే, విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్ళలో నా మాటలో ముప్పావు తీసేసి మిగిలింది వినడం జనానికి అలవాటు. ఎండిన చెరువులో చేపలు ఎగురుతున్నాయని నేను చెబితే నమ్మి గాలం పట్టుకుని పోయినవాడు ఒకడున్నాడు, ఇప్పటికీ నాతో మాట్లాడడు. అది వేరే సంగతి. ఈ సంగతి మాత్రం నిజం.

మొన్న మా కోడలు అనంతపురం బజారులో కత్తుల పెట్టె ఒకటి కొనుక్కొచ్చింది. ఆరు కత్తులు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, బడి ఫోటోలో పిల్లల్లాగా వరుసగా ఉన్నాయి. ఎప్పటికీ సాన పట్టే పని లేదని అట్ట మీద రాసి ఉంది. "సూడు మామా, ఎంత పదునుండాదో" అంటూ ఒకటి తీసి నా చేతికి ఇవ్వబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కింద పెట్టమ్మా, తీసుకుంటా."

"ఏమి మామా, కరుస్తాదా?"

కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే ఆ ఇద్దరి మధ్యా మాటలు తెగిపోతాయని మా మేనత్త పట్టింపు. కోడలు నవ్వుతూ కింద పెట్టాక తీసుకుని, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను. రేకుడబ్బాలో గులకరాయి పడ్డట్టు పలికింది. ఆ సాయంత్రం దానితో టమాటా కోయబోతే టమాటా నలిగింది గాని తెగలేదు. ఇనుమును మీటి వినే అలవాటు నాకు అబ్బింది మా అత్త దగ్గరే. ఆమె సంగతి ఎత్తితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.

మా మేనత్త చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని మా ఇంటికి తిరిగొచ్చిన మనిషి. వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక పెద్ద కత్తి తెచ్చుకుంది. పెండ్లి వంటలు చేసి బతికేది, మమ్మల్ని కూడా ఎంతో కొంత బతికించేది. ఆమె ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కోస్తే తాను తెగిన సంగతి ఆ గడ్డకు కొంతసేపటి దాకా తెలిసేది కాదని, అందుకే ఆమె కంట్లో నీళ్ళు రావని ఊరంతా ప్రచారం చేసింది నేనే. అసలు సంగతి ఏమంటే, కత్తి పదునుగా ఉంటే గడ్డ నలగదు, రసం చిమ్మదు, కండ్లు మండవు. ఇది కావాలంటే మీరే కోసి చూసుకోండి.

ఆ కత్తికి జరిగిన సేవ మా ఇంట్లో ఏ మనిషికీ జరగలేదు. కోత అయిపోగానే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచేది. నిమ్మకాయ కోసిందంటే, పిండే పని ఇంకొకరికి అప్పజెప్పి మరీ ముందు కత్తి తుడిచేది. ఆముదం రెండు చుక్కలు పూసి, పాత చెప్పు తోలుతో కుట్టిన ఒరలో పెట్టి దూలానికి వేలాడదీసేది. సాన పట్టేటప్పుడు ఆమెను పలకరించకూడదు. నల్లరాయి తడిపి, కత్తిని దాని మీద కొంచెం వాలుగా ఆనించి, అటు ఎన్నిసార్లు తోస్తే ఇటూ అన్నిసార్లే తోసేది. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పిందని మళ్ళీ మొదలుపెట్టేది. మా నాయన ఒకసారి ఆ కత్తితో కానుగ పుల్ల కోసి పండ్లు తోముకున్నాడు. తోడబుట్టినవాడని కూడా చూడకుండా ఆమె మూడు రోజులు ఆయనకు నీళ్ళచారు తప్ప ఇంకేమీ వడ్డించలేదు.

ఎంత సేవ చేసినా ఇనుము అరగక మానదు. అరవైల నడిమికి ఆ కత్తి చింతాకంత సన్నబడింది. సరిగ్గా అప్పుడే రెండేండ్లు వరుసగా వాన లేదు. వాన లేకపోతే మావైపు పెండ్లిండ్లు ఉండవు, పెండ్లిండ్లు లేకపోతే మా అత్త పొయ్యి ముందు ఊరికే కూర్చునేది. కాలవ నీళ్ళు కణేకల్ వైపు పారుతున్నాయని వినడమే గాని మా మిట్టకు ఎక్కలేదు. అట్లాంటప్పుడు బుక్కరాయసముద్రం నుంచి కబురొచ్చింది. చెరువు కింద భూములున్న ఇల్లు, రాజకీయాలున్న ఇల్లు. కరువు వాళ్ళకు పేపర్లో కనబడేది. ఆ ఇంట్లో మూడు రోజుల పెండ్లి. వంట నచ్చితే ఇకమీదట ఆ ఇంట్లో, వాళ్ళ చుట్టాల ఇండ్లలో ఏ కార్యం జరిగినా అత్తకే పిలుపు. అదొక్కటి చేతికొస్తే మా ఇల్లు కరువు దాటేస్తుంది. దానికి కొత్త కత్తి కావాలి.

లారీలు బాగుచేసే షెడ్డుకు నన్ను తోడు తీసుకుపోయింది. అక్కడ లారీల అడుగున బరువు మోసి విరిగిన కమాను పట్టీలు గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కొక్క పట్టీని దారానికి కట్టించి, గాలిలో వేలాడదీయించి, రాయితో కొట్టి వినడం మొదలుపెట్టింది. షెడ్డు సాయిబు చూసీ చూసీ విసిగిపోయాడు.

"ఏమక్కా, ఇనుము కొంటాండావా, పెండ్లికూతురును సూస్తాండావా?"

"పెండ్లికూతురు మూగదైనా కాపురం నడుస్తాది సాయిబూ. ఇది పలకల్ల."

పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక పట్టీ గుడిగంట లాగా పలికింది. ఆ పలుకు ఆగేదాకా అత్త కండ్లు మూసుకునే ఉంది. షెడ్డులో మేకులు కొట్టేవాళ్ళు కూడా చేతులు ఆపారు.

మా ఊరి కమ్మరిని అందరం కొలిమి తాత అనేవాళ్ళం. చెయ్యి తిరిగిన మనిషి, మాట తక్కువ మనిషి. పట్టీని కాల్చి, సాగగొట్టి, జొన్నాకు ఆకారానికి తెచ్చాడు. ఇక మిగిలింది ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం. దాన్ని ఆయన కత్తికి నీళ్ళు తాపడం అనేవాడు. కత్తి గట్టిపడేదీ, పాడయ్యేదీ ఆ ఒక్క మునకలోనే. అందుకు రాతితొట్టి నిండుగా ఉండాలి, తీపు నీళ్ళు కావాలి. మా ఊరి బావి నీళ్ళు ఉప్పు. అవి పోస్తే ఇనుము అదిరి పగులు పడుతుందని ఆయన భయం. ఏ పనికైనా ముందు తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోనిదే కొలిమి ఊదించేవాడు కాడు.

తీపు నీళ్ళు రెండు మైళ్ళ అవతల తోటబావిలో ఉన్నాయి. ఇంటికి రోజుకు రెండు కడవలు తోడుకోనిచ్చేవాళ్ళు, అంతే. ఆ రోజు మా ఇంటి రెండు కడవలూ కత్తికి ఇద్దామని అత్త తేల్చేసింది. ఇంట్లో అందరం ఆ పూట ఉప్పునీళ్ళే తాగి నోరు చేదు చేసుకున్నాం. కావడి నా భుజానికెత్తింది. నాకప్పుడు ఇరవై రెండేండ్లు. పరీక్ష తప్పి, నోరు తప్ప ఇంకేదీ పనిచేయకుండా తిరుగుతున్నాను.

"రేయ్, చుక్క తొలికినా నాకు తెలుస్తాది" అంది అత్త.

తోటబావిలో నీళ్ళు తోడుకుని, బళ్ళారి బస్సు ఆగే చోటి దాకా ఒక్క చుక్క తొలకకుండా తెచ్చాను. అక్కడ కాపీ హోటలు ఉంది. పెనం మీద దోసె సుయ్యిమంటోంది. దాన్ని దాటి వచ్చాను. దాటగానే రోడ్డు పక్కన ఒక ఆడమనిషి. పచ్చచీర, భుజం దగ్గర చిరుగు. చంకలో రెండేండ్ల ఆడబిడ్డ, మొలకు ఎర్రదారం, పెదవులు పేలిపోయి ఉన్నాయి. పనికోసం ఊళ్ళు పట్టిపోతున్నారు. ఆమె నన్ను అడగలేదు, కడవను చూసింది. కావడి దించాను. బిడ్డ తాగింది, తల్లి తాగింది, తల్లి దగ్గరున్న రెండు సొరబుర్రలూ నిండాయి. చూస్తే ఒక కడవ ఖాళీ. ఒట్టి కడవతో అత్త ముందుకు పోయే ధైర్యం లేక, ఊరి ఉప్పుబావిలో దాన్ని నింపుకుని కొలిమికి చేరాను.

రెండు కడవలూ తొట్టిలో పోశాను. తాత అలవాటు కొద్దీ వేలు ముంచబోయాడు.

"తీపు నీళ్ళేనా అబ్బీ?"

"తీపే తాతా. నా మీద ఒట్టు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీ అత్త పంపిన నీళ్ళకు రుచేమి సూసేది!" అన్నాడు.

ఎర్రటి కత్తి నీళ్ళలో దిగింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ బుసలో ఎక్కడో, గోరు విరిగినట్టు, ట్టిక్ అని వినబడింది. తాత తల పక్కకు వాల్చాడు.

"విన్యావా?"

"కొలిమి తిత్తి తాతా. తోలు ఎండిండాది" అన్నాను. నాకంత తొందరగా అబద్ధం ఎట్లా దొరుకుతుందో నాకే తెలియదు.

పిడి బిగించి కత్తిని కింద పెట్టాడు. అత్త తీసుకుని, గోరు దాని మీదకు తెచ్చి, తాత ముఖం చూసి, ఊరకే ఒరలో పెట్టేసింది. ఇనుము వినకుండా ఒప్పుకోని మనిషి ఆ రోజు వినలేదు, నీళ్ళు రుచి చూడకుండా ఒప్పుకోని మనిషి ఆ రోజు రుచి చూడలేదు. ఆయన మీద ఆమెకు అంత నమ్మకం, ఆమె మీద ఆయనకు అంత నమ్మకం. ఆ నమ్మకాల నడుమ నేను నిలబడి ఉన్నాను.

బుక్కరాయసముద్రంలో మొదటి రోజే, పెద్ద గుమ్మడికాయ మీద కత్తి దిగి, సగంలో ఫట్టున విరిగింది. ముక్క ఎగిరి అత్త అరచేతిలో దిగబడింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, ఆ ఇంటి మొద్దుకత్తులతోనే మూడు రోజులూ నెట్టుకొచ్చిందట. గాయమైతే మానింది గాని కుడిచేతి చివరి రెండు వేళ్ళూ మళ్ళీ ముడుచుకోలేదు. వంట అదిరిందని ఆ ఇంటివాళ్ళు మెచ్చుకున్నారు. తరువాతి కార్యానికి మాత్రం రెండు చేతులూ బాగున్న మనిషిని పిలుచుకున్నారు.

తిరిగొచ్చిన రోజు అత్త నేరుగా కొలిమికి పోయింది. వెనక నేను. రెండు ముక్కలూ తాత ముందు నేల మీద పెట్టింది.

"చెయ్యి పోయిందా తాతా నీకు, కండ్లు పోయినాయా? నా కూడు తీసినావు గదప్పా!"

తాత ముక్క తీసి విరిగిన అంచు చూశాడు. లోపల వెంట్రుకంత నల్లటి గీత ఉంది, పాత పగులు. తరువాత తొట్టి వైపు చూశాడు. నీళ్ళు ఎండిపోయి, లోపలి అంచు పొడుగునా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆ తరువాత నన్ను చూశాడు. ఒకసారే. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"నా తప్పే తల్లీ" అన్నాడు. "రుచి సూసుకోల్యా."

అత్తకు ఆ మాట అర్థం కాలేదు. వయసైపోయి ఏదో మాట్లాడుతున్నాడనుకుని వచ్చేసింది. ఊరు కూడా అదే అనుకుంది. ఆయన మళ్ళీ కత్తి చేయలేదు. నాగలి కర్రులు, ఎద్దుల లాడాలు చేసేవాడు, అవి కూడా రానురాను వేరే ఊరికి పోయాయి. రెండేండ్లకు ఆయన కొలిమి చల్లారింది, ఆయనా పోయాడు. నన్ను ఆ రోజు ఎందుకు వదిలేశాడో అడిగే ధైర్యం ఆ రెండేండ్లలో ఒక్కపూటా నాకు రాలేదు. ఆయన ఎదురొస్తే సందు మార్చుకునేవాణ్ణి.

ఆయన దినాల తరువాత ఆగలేక అత్తకు చెప్పేశాను. నీళ్ళు మార్చింది నేనేనని చెప్పి, రోడ్డు పక్కన తల్లీబిడ్డల సంగతి మొత్తం చెప్పాను. ఆమె ముడుచుకోని రెండు వేళ్ళనూ ఎడమచేత్తో నిమురుకుంది.

"బిడ్డ తాగిందా?" అంది.

"తాగింది అత్తా."

"పోన్లేరా. నా వేళ్ళు యాడికి పోయినాయో అనుకుంటాంటి. ఒక బిడ్డ కోసమన్నా పోయినాయి." కొంచెం ఆగి, "తాతకు బతికున్నప్పుడే చెప్పల్ల గదరా" అంది.

అప్పటి నుంచి ఏటా ఎండలు ముదిరేటప్పటికి ఆమెకు ఆ బిడ్డ గుర్తొచ్చేది. "మన నీళ్ళు తాగిన బిడ్డకు ఇప్పుడు ఆరేండ్లుంటాయి గదా, బడికి పోతాంటుంది" అనేది. "పన్నెండొచ్చింటాయి" అనేది. "పెండ్లి చేసింటారా? ఎవురు వండినారో!" అనేది. కూరలు తరగలేని చేత్తో బడిపిల్లలకు ఉప్మా వడ్డించే పనిలో చేరి, వడ్డించేటప్పుడు ప్రతి ఆడపిల్ల ముఖమూ చూసేది. నేను పక్కనుండి అవునత్తా అనేవాణ్ణి. పోయేముందు కూడా, "ఆ యమ్మి కనబడితే ఏమీ చెప్పొద్దు, ఊరికే సూసి రా" అని నాకు పని పురమాయించింది.

ఇంతవరకూ రాసినదాంట్లో ఒక్కచోట నేను కల్పించాను. పచ్చచీర లేదు, సొరబుర్రలు లేవు, మొలకు ఎర్రదారం లేదు. హోటలు దాటి వచ్చానన్నాను గదా, దాటలేదు. ఉప్పునీళ్ళకు ఆ హోటలాయన పాలు విరిగిపోతున్నాయి. "కడవ తీపునీళ్ళు పొయ్యప్పా, రెండు దోసెలు, ఒక కాపీ ఇస్తా" అన్నాడు. పోశాను. దోసెలు బాగున్నాయి. మిగతాదంతా, కత్తి, తాత, ఆ రెండు వేళ్ళు, అన్నీ నిజం. లేని ఆ పిల్లకు ఈ యేడు ముప్పై రెండు నిండాయి. అత్త పోయాక ఆ లెక్క నేను ఆపేద్దామనుకున్నాను గాని, ఎండలు ముదిరేసరికి దాని వయసు దానంతటదే ఒక యేడు పెరుగుతూనే ఉంది.